మనవడి పెంపకం చేతులు మారే వేళ

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో భవన నిర్మాణ పనులకు వలస వెళ్ళారు. మనవడు ఏడాదిన్నర వయసు నుంచి నా దగ్గరే పెరుగుతున్నాడు. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. నన్నే ‘అమ్మ’ అంటాడు. సంక్రాంతికి కన్నతల్లి వస్తే తలుపు చాటుకు పోయాడు, పిలిచినా పలకలేదు. తల్లికి దూరంగా పెరిగితే మనసు దెబ్బతింటుందని తెలిసినవారు అంటున్నారు. జూన్‌లో బడిలో వేయడానికి వాణ్ణి తీసుకుపోతామని పిల్లలంటున్నారు. నేను తప్పు చేశానా?
– ఒక అమ్మమ్మ, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు విన్న మాటకు మూలం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక. ప్రచారంలో అందులో సగమే మిగిలింది. పసిబిడ్డకు ఆప్యాయమైన, ఎడతెగని అనుబంధం తల్లితోగానీ, తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మరొకరితోగానీ ఉండాలని ఆయన రాశారు. ఆ రెండో సగంలో మీరున్నారు. ఆయన వద్ద పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఆ తరువాత ఉగాండా పల్లెల్లో 26 కుటుంబాలను గమనించినప్పుడు కూడా, పిల్లలు తల్లితోపాటు ఇంట్లోని ఇతరులకూ చేరువ కావడం కనబడింది. తల్లి, తండ్రి, బిడ్డ మాత్రమే ఉండే ఇంటిని కొలబద్దగా పెట్టుకుంటే మన వలస జిల్లాల్లో ఎన్నో ఇళ్ళు లోపంగానే తోస్తాయి. నాకు ఆ కొలబద్ద మీదే అభ్యంతరం.

తలుపు చాటు సంగతిని మాత్రం తేలికగా తీసుకోకూడదు. బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, తల్లిదండ్రులను అరుదుగా తప్ప లోనికి రానివ్వని ఆనాటి ఆసుపత్రుల్లో పసిపిల్లలను గమనించారు. వారు మొదట ఏడ్చి గొడవచేస్తారనీ, తరువాత దిగులుతో ముడుచుకుపోతారనీ, చివరికి తల్లి వచ్చినా పరాయి మనిషిని చూసినట్టు ముఖం తిప్పుకుంటారనీ చెప్పారు. ఆ మూడో దశను చూసి పిల్లవాడు కుదుటపడ్డాడని సిబ్బంది అనుకునేవారు. మీ మనవడు మీ ఒడిలో ఉన్నాడు కనుక ఆ ఆసుపత్రి పిల్లలంత ఒంటరివాడు కాడు. అయితే ఆ మౌనం మరుపూ కాదు, ద్వేషమూ కాదు.

నన్ను కలవరపెట్టేది జూన్ నెల. బౌల్బీని చిన్నతనంలో పెంచింది ఒక దాది. సుమారు నాలుగేళ్ళ వయసులో ఆమె వెళ్ళిపోవడం తల్లిని పోగొట్టుకున్నంత దుఃఖమైందని ఆయన తరువాత చెప్పుకున్నారు. అదే వయసులో ఉన్న బాబును ఒక రాత్రి ఆమదాలవలసలో రైలెక్కించి పంపేస్తే, వాడి లెక్కలో అమ్మ రెండోసారి దూరమైనట్టే. వేసవిలో మీ అమ్మాయిని రెండు వారాలు మీ ఇంట ఉండమనండి; స్నానం, అన్నం, నిద్ర ఒక్కొక్కటిగా ఆమె చేతికి రావాలి. అన్ని రోజుల కూలి వదులుకోవడం చిన్న సంగతి కాదు. వీలుకాకపోతే మీరే వెంట వెళ్ళి నెల రోజులుండండి. తిరిగి వచ్చేటప్పుడు నిద్రలో వదిలి రాకుండా, చెప్పి రండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి. తరువాత రోజూ ఒకే వేళకు ఫోను చేయండి.

ఇక పిలుపు. అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మ అంటూ అమ్మ అన్న మాటను ఇంతమందికి పంచిన భాషలో వాణ్ణి సరిదిద్దే పని మీకెందుకు? నొచ్చుకునేది మీ అమ్మాయి. రాబర్ట్‌సన్ చూసిన పిల్లల సంగతి, వాణ్ణి ఆమె చేతికి ఇవ్వకముందే ఆమెకు చెప్పండి.