టెయిల్ సస్పెన్షన్ పరీక్షకు ఆటోమేటిక్ యంత్రం కొనాలా, వీడియో సరిపోతుందా?

చిట్టెలుకను తోకతో వేలాడదీసి, పెనుగులాట మాని ఎంతసేపు కదలకుండా ఉంటుందో కొలిచేది టెయిల్ సస్పెన్షన్ టెస్ట్; డిప్రెషన్ మందు పనిచేస్తే ఆ సమయం తగ్గుతుంది. చిట్టెలుకలకు ఈ పరీక్ష మొదలుపెడుతున్నామని, ఆటోమేటిక్ యంత్రం కొంటే స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునే బాధ తప్పుతుందా అని అడిగారు. చాలావరకు తప్పుతుంది. కానీ యంత్రం వచ్చింది కదా అని కెమెరా మాత్రం తీసేయకండి. హైదరాబాద్‌లోని ఒక ఫార్మకాలజీ ల్యాబ్‌లో రెండు పద్ధతులూ వాడిన అనుభవంతో చెబుతున్నాను.

యంత్రం లోపల పెద్ద రహస్యమేమీ లేదు. తోక చివర అంటించిన టేపును కొక్కేనికి తగిలిస్తాం, ఆ కొక్కేనికి పైన స్ట్రెయిన్ గేజ్ (లాగే బలాన్ని కొలిచే సెన్సర్) ఉంటుంది. చిట్టెలుక పెనుగులాడితే గేజ్ మీద బలం మారుతుంది. ఆ మార్పు మనం పెట్టిన థ్రెషోల్డ్ (హద్దు) దాటితే కదలిక, దాటకపోతే ఇమ్మొబిలిటీ, అంటే కదలకుండా ఉండడం. 6 నిమిషాలు పూర్తవగానే మొత్తం ఇమ్మొబిలిటీ సెకన్లు తెరమీద కనిపిస్తాయి. స్టెరు అనే పరిశోధకుడి బృందం ఈ పరీక్షను 1985లో ప్రచురించింది, 1987లోనే దానికి కంప్యూటర్ పరికరాన్ని కూడా వివరించింది. కాబట్టి ఇదేదో నిన్నమొన్నటి కొత్త సాంకేతికత అనుకోనక్కర్లేదు.

చిక్కంతా ఆ థ్రెషోల్డ్ దగ్గరే ఉంది. గట్టిగా తన్నుకుని అలసి ఆగిన చిట్టెలుకను గమనించండి. కాళ్లు జారవిడిచి, మీసాలు తప్ప ఏమీ కదపకుండా వేలాడుతుంది, కానీ ఇందాకటి ఊపుకు శరీరం లోలకంలా ఊగుతూనే ఉంటుంది. మన కంటికి అది ఆగిపోయింది. గేజ్‌కు మాత్రం ఇంకా కదులుతోంది. థ్రెషోల్డ్ పెంచితే ఆ ఊపు లెక్కలోంచి పోతుంది, దాంతోపాటు ముందు కాళ్లతో చేసే చిన్న ప్రయత్నాలూ పోతాయి.

అంతకంటే తమాషా అయినది తోక పాకడం. సీ57బీఎల్/6 జాతి చిట్టెలుకల్లో ఇది బాగా ఎక్కువ. తన తోకనే పట్టుకుని పైకి పాకి, కొక్కెం మీద తాపీగా కూర్చుంటుంది. బలంలో మార్పు లేదు కనుక యంత్రం దాన్ని ఇమ్మొబిలిటీగా రాసుకుంటుంది. అంటే గదిలో అందరికంటే తెలివిగా తప్పించుకున్న ప్రాణికే అత్యంత నిరాశ అన్న ముద్ర! తోకకు సుమారు 4 సెంటీమీటర్ల తేలికపాటి ప్లాస్టిక్ గొట్టం తొడిగితే పాకడం చాలావరకు ఆగుతుంది. అయినా పాకినవాటిని విశ్లేషణలోంచి తీసేయాలి, అలా తీసేస్తామని ప్రొటోకాల్‌లో ముందే రాసుకోవాలి. ఏది పాకిందో చెప్పేది వీడియోనే.

అసలు అధ్యయనానికి ముందు మీరు వాడే జాతితోనే ఒక కంట్రోల్ గ్రూపును, ఇమిప్రమిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చిన మరో గ్రూపును పరీక్షించండి. ఏది ఏ గ్రూపో తెలియని వ్యక్తితో వీడియోలు చూపించి సెకన్లు లెక్కపెట్టించండి. ఆ లెక్కకు దగ్గరగా వచ్చే థ్రెషోల్డ్‌ను ఖాయం చేసి, ఇక ముట్టుకోకండి. ఫలితాలు చూశాక దాన్ని అటూఇటూ జరపడమంటే మందుకు మనమే మార్కులు వేయడం. జంతువుల బరువుల్లో బాగా తేడా ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా సరిచేస్తుందో అడిగి తెలుసుకోండి.

ఎంత ఖరీదైన యంత్రమైనా చెప్పలేనిది ఇంకొకటుంది. డిప్రెషన్ మందులే కాదు, యాంఫెటమిన్ వంటి ఉత్తేజకాలు ఇచ్చినా ఇమ్మొబిలిటీ తగ్గుతుంది. అందుకే మందు మామూలు తిరుగుడును పెంచుతోందేమో ఓపెన్ ఫీల్డ్‌లో (జంతువును స్వేచ్ఛగా తిరగనిచ్చే ఖాళీ పెట్టెలో) విడిగా చూడాలి. ఇది లేకుండా పంపిన పేపరుకు రివ్యూయర్ మొదట వేసే ప్రశ్న ఇదే.

జంతువులు తక్కువగా ఉంటే కెమెరా, ఓపికగల సహోద్యోగి చాలు. వీడియోలో జంతువు కదలికలను గుర్తించే సాఫ్ట్‌వేర్, 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ ఉచితమే, కానీ దానికి ఫ్రేములు గుర్తించి నేర్పేందుకు ఒకరు కూర్చోవాలి, మంచి గ్రాఫిక్స్ కార్డూ కావాలి. పెద్ద సంఖ్యలో పరీక్షించేవారికి యంత్రం నిజంగా కలిసొస్తుంది, ఒకేసారి కొన్నింటిని వేలాడదీయవచ్చు. వాటి మధ్య అడ్డుగోడలు మాత్రం ఒకదానికొకటి కనబడనివిగా ఉండాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఇక కొటేషన్ అడిగేటప్పుడు రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: క్యాలిబ్రేషన్ బరువులు పరికరంతోపాటు ఇస్తారా, ప్రతి క్షణపు బలం రీడింగులను విడి ఫైలుగా దించుకోవచ్చా. మొత్తం సెకన్లు మాత్రమే ఇచ్చే యంత్రమైతే, ధర ఎంత తగ్గించినా నేనైతే కొనను.