అమెచ్యూర్ యూరోపియన్ టైటిల్‌తో ప్రొఫెషనల్ స్నూకర్‌లోకి: సమాధానం

నమస్కారమండి. ఐర్లాండ్‌లో పెరిగిన మీ అబ్బాయి ప్రొఫెషనల్ స్నూకర్ ఆడాలంటే క్యూ స్కూల్ అనే అర్హత టోర్నమెంట్ ఒక్కటే దారా అని అడిగారు. మరో దారి కూడా ఉంది. యూరోపియన్ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య ఈబీఎస్ఏ నిర్వహించే అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ విజేతకు ప్రొఫెషనల్ పోటీల వేదికైన వరల్డ్ స్నూకర్ టూర్‌లో రెండు సీజన్లు ఆడేందుకు టూర్ కార్డు లభిస్తుంది. స్కాట్లాండ్‌కు చెందిన స్కాట్ డొనాల్డ్‌సన్ 2012లో ఈ టైటిల్‌తోనే టూర్‌లో అడుగుపెట్టి, 2020లో ఛాంపియన్‌షిప్ లీగ్ అనే ప్రొఫెషనల్ టోర్నమెంట్ గెలుచుకున్నారు.

క్యూ స్కూల్‌కు రుసుము కట్టి ఎవరికి వారే పేరు నమోదు చేసుకోవచ్చు. ఈబీఎస్ఏ ఛాంపియన్‌షిప్‌కు మాత్రం ఎంట్రీ జాతీయ సమాఖ్య ద్వారానే వెళ్లాలి కాబట్టి, మీ అబ్బాయి ముందుగా ఐర్లాండ్ సమాఖ్యలో సభ్యుడై, దాని ర్యాంకింగ్ టోర్నమెంట్లలో ఆడడం మొదలుపెట్టాలి. వయసు సరిపోతే అండర్-21 విభాగాన్ని కూడా వదులుకోవద్దని నా సలహా.

అసలు కష్టం కార్డు వచ్చాకే మొదలవుతుందండి. ర్యాంకింగ్‌ను గెలిచిన ప్రైజ్ మనీతో లెక్కిస్తారు. కొత్త ఆటగాడి ఖాతా సున్నా నుంచి మొదలవుతుంది, రెండేళ్లలో తొలి 64 మందిలోకి చేరితే స్థానం నిలుస్తుంది. అందుకే ప్రయాణాలకు, శిక్షణకు కావలసిన డబ్బును ఇప్పటినుంచే విడిగా పెట్టుకోండి.