మూత వేసిన ల్యాప్‌టాప్ రాత్రంతా నడుస్తోంది, బ్యాగులో పెడితే వేడెక్కుతోంది, రోజూ షట్‌డౌన్ చేస్తున్నా మొద్దుబారుతోంది, అప్‌డేట్ దానంతటదే రీస్టార్ట్ చేస్తోంది. విండోస్ అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయవచ్చా?

ఆపేయవచ్చు. కానీ మీ బాధ దాంతో తీరదు. మీరు చెప్పినవాటిలో మూడు వేర్వేరు గొడవలు కలిసిపోయాయి. రాత్రి మూత వేసి ఛార్జింగ్ పెడితే బుధవారం పొద్దునకి ఎక్సెల్ ఫైళ్లన్నీ మూసుకుపోయి ఉండటం ఒకటి. ఆఫీసులో బ్యాగు తెరిస్తే ల్యాప్‌టాప్ ఇస్త్రీపెట్టెలా కాలుతుండటం రెండోది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా మిషను మొద్దుబారడం మూడోది. అప్‌డేట్ పాపం మొదటిదాంట్లోనే ఉంది. మిగతా రెండూ స్లీప్, షట్‌డౌన్ అనే బటన్లు చెప్పేదొకటి, చేసేదొకటి కావడం వల్ల వచ్చినవి.

బుధవారం అనగానే సగం విషయం తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్‌ను ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలకు వదులుతుంది. మనకది వాళ్ల వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. మనవాళ్లు భోంచేసి, ఛార్జర్ తగిలించి, మూత వేసి పడుకునే వేళ సరిగ్గా అదే. కరెంటు ఉంది, వైఫై ఉంది, మనిషి లేడు: విండోస్‌కి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

ఆ రాత్రి ఏం జరిగిందో ఊహించక్కర్లేదు, మిషనే నిమిషాలతో సహా రాసిపెడుతుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీల పెట్టెలో 19, 41, 43, 44, 506, 507, 1074, 6005, 6006, 6008 అని కామాలు పెట్టి కొట్టండి. ఇక కింద నుంచి పైకి చదువుకుంటూ రావడమే. 506 అంటే మూత పడి మిషను స్టాండ్‌బైలోకి (నిద్రలోకి) వెళ్లింది, 507 అంటే బయటికి వచ్చింది. 44 డౌన్‌లోడ్ మొదలు, 43 ఇన్‌స్టాల్ మొదలు, 19 ఇన్‌స్టాల్ పూర్తి. ఏ రెండున్నరకో మూడింటికో 1074 కనబడుతుంది. దాన్ని తెరిచి చూస్తే రీస్టార్ట్ చేయించిన ప్రోగ్రాం పేరు ఉంటుంది. మోయూఎస్ఓకోర్‌వర్కర్ అనో, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనో ఉంటే అది అప్‌డేట్ పనే. వెంటనే 6006, నిమిషమో రెండు నిమిషాలో ఆగి 6005: సిస్టమ్ ఆగింది, మళ్లీ లేచింది. మీ ఎక్సెల్ ఫైళ్లు మూసుకుపోయింది 1074కీ 6006కీ మధ్యలో.

1074 లేకుండా 41, 6008 ఉంటే మాత్రం కథ వేరు. మిషను పద్ధతిగా ఆగలేదు. కరెంటో బ్యాటరీయో పోయింది, లేదా వేడెక్కి పడిపోయింది, లేదా డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రాం) దెబ్బ. ఈ తేడా చూడకుండానే "అప్‌డేట్ వల్లే సార్" అని ఫార్మాట్ కొట్టి వెయ్యి రూపాయలు తీసుకునే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఫార్మాట్ చేశాక ఆ లాగ్ కూడా పోతుంది, అసలు కారణం ఇక ఎప్పటికీ తెలీదు.

రీస్టార్ట్‌ను అదుపు చేయడం తేలికే. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యాక్టివ్ అవర్స్. అది ఆటోమేటిక్‌లో ఉంటే మాన్యువల్‌కి మార్చండి. గరిష్ఠంగా 18 గంటలు ఇస్తుంది, ఆ 18 గంటల్లో తనంతట తాను రీస్టార్ట్ చేయదు. ముందుగా ఇచ్చే సమయం ఉదయం 8 నుంచి సాయంత్రం 5. హైదరాబాదులో అమెరికా షిఫ్టు చేసేవాళ్లకి ఇది పూర్తిగా తలకిందులు. క్లయింటుతో కాల్ నడుస్తున్న రాత్రి 11 గంటలు విండోస్ లెక్కలో ఖాళీ సమయం! అలాంటివాళ్లు మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు పెట్టుకోవాలి. అదే పేజీలో "గెట్ మీ అప్ టు డేట్" అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే యాక్టివ్ అవర్స్‌ను కూడా లెక్కచేయదు, ఆఫ్ చేయండి. "నోటిఫై మీ వెన్ ఎ రీస్టార్ట్ ఈజ్ రిక్వైర్డ్" ఆన్ చేయండి. అప్‌డేట్ మొదటి పేజీలో "గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్" అని ఇంకోటి ఉంటుంది. అది ఆన్ చేస్తే నెలాఖరులో వచ్చే ప్రివ్యూ అప్‌డేట్లు కూడా మీ నెత్తిన పడతాయి, దాన్నీ ఆఫ్‌లోనే ఉంచండి.

నా సలహా అడిగితే రెండో మంగళవారం సాయంత్రమే పాజ్ అప్‌డేట్స్‌లో ఒక వారం నొక్కండి. కొత్త అప్‌డేట్‌లో తేడా ఉంటే ఆ వారంలో ఊరంతా గోల చేస్తుంది. తర్వాతి బుధవారం మీరే దగ్గరుండి, ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ నొక్కండి. పాజ్ గరిష్ఠంగా 5 వారాలు. గడువు అయ్యాక ముందు అప్‌డేట్ చేసుకోనిస్తేనే మళ్లీ పాజ్ ఇస్తుంది. విండోస్ ప్రో ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల ఎడిటర్‌లో కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్‌ను 2కి మార్చుకుంటే డౌన్‌లోడ్‌కి ముందే అడుగుతుంది. హోమ్ ఎడిషన్‌లో ఆ గది తలుపే లేదు. డబ్బు పెట్టి కొన్నవాడికి "అడిగి చెయ్యి" అనే హక్కు కూడా ఎడిషన్‌ని బట్టి ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే చాలు, రోజు డేటా అప్‌డేట్‌కి ఆహుతి కాదు.

శాశ్వతంగా ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను డిసేబుల్ చేస్తే, దాన్ని మళ్లీ లేపడానికి అప్‌డేట్ మెడిక్ అని ఇంకో సర్వీసు కాచుకుని ఉంటుంది. దాన్నీ ఆపాలని అప్‌డేట్ బ్లాకర్ అంటూ ఎక్కడెక్కడివో ప్రోగ్రాములు తెచ్చి, అడ్మిన్ అనుమతులిచ్చి మరీ నడుపుతారు. దొంగకి తాళం ఇవ్వడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. 2017 మే 12న మొదలైన వన్నాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలల సమయం ఉంది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లతో సహా ఎన్నో మిషన్లు దాని బారిన పడ్డాయి.

ఇక బ్యాగులో వేడి. దీనికి అప్‌డేట్‌ను తిట్టి లాభం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /ఏ అని కొట్టండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. పవర్ పక్కనే సీ, ఎఫ్, జీ కలిపి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్, ఏ.) పైన "స్టాండ్‌బై (ఎస్3)" అని వస్తే మీది పాత పద్ధతి మిషను. ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు వెళ్లదు. "స్టాండ్‌బై (ఎస్0 లో పవర్ ఐడిల్)" అని వస్తే అదే మోడర్న్ స్టాండ్‌బై. ఇందులో స్క్రీన్ ఆగుతుంది కానీ మిషను ఆగదు. ఫోన్ జేబులో ఉన్నా మెయిళ్లు వచ్చినట్టే ఇదీ మధ్యమధ్యలో లేచి పనులు చక్కబెట్టుకుంటుంది. ఏదో ఒక డ్రైవర్ నిద్రపోనంటే ప్రాసెసర్ మొత్తం మేలుకునే ఉంటుంది. బ్యాగులో గాలి ఆడదు. ఇక వేడెక్కక ఏమవుతుంది?

2020 తర్వాత వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్3ని అసలు ఇవ్వడమే మానేశారు. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ప్లాట్‌ఫామ్ఏఓఏసీఓవర్‌రైడ్ అనే విలువను 0గా పెట్టమని వీడియోలు చెప్తుంటాయి. బయోస్‌లో (మిషను లేవగానే మొదట నడిచే ప్రోగ్రాంలో) ఎస్3 ఉంటేనే అది పనిచేస్తుంది. లేని మిషన్లో పెడితే ఉన్న స్లీప్ కూడా మెనూలోంచి మాయమవుతుంది. పెట్టి రీస్టార్ట్ చేశాక /ఏ మళ్లీ కొట్టి చూడండి, ఎస్3 రాకపోతే ఆ విలువను చెరిపేయండి.

నిద్ర చెడగొడుతున్నది ఎవరో తెలుసుకోవాలంటే పవర్‌సీఎఫ్‌జీ /స్లీప్‌స్టడీ కొట్టండి. గత మూడు రోజుల రిపోర్టు తయారుచేసి, ఫైలు ఎక్కడ పెట్టిందో స్క్రీన్ మీదే చూపిస్తుంది. బ్రౌజర్లో తెరిచి, ఎర్రగా ఉన్న గీత మీద నొక్కితే టాప్ అఫెండర్స్ జాబితా వస్తుంది. పైన వైఫై అడాప్టర్ ఉంటే దాని డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి తెచ్చి వేయండి. ఎస్3 మిషన్లకైతే పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్ చాలు. వైర్‌లెస్ మౌస్ స్విచ్ ఆపకుండా అదే బ్యాగులో వేసుకుంటే బ్యాగు కదిలినప్పుడల్లా అది లేపుతుంది. డివైస్ మేనేజర్లో ఆ మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో "అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్" టిక్కు తీసేయండి.

ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే ఒక్క పని చేయండి: మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డస్". ఆన్ బ్యాటరీ, ప్లగ్డ్ ఇన్ రెండింటికీ హైబర్నేట్. మీరు తెరిచినవన్నీ డిస్కులో రాసుకుని మిషను నిజంగా ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే పది ఇరవై సెకన్లలో ఎక్కడ వదిలారో అక్కడే తెరుచుకుంటుంది. హైబర్నేట్ అనే మాటే ఆ జాబితాలో లేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆన్ కొట్టండి. అప్పటికీ రాకపోతే పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ /టైప్ ఫుల్. హైబర్నేషన్ ఫైలు చిన్న సైజులో ఉన్నప్పుడు అది ఫాస్ట్ స్టార్టప్‌కి మాత్రమే సరిపోతుంది, అందుకే ఆప్షన్ కనబడదు. పూర్తి సైజు అంటే మామూలుగా ర్యామ్‌లో 40 శాతం: 8 జీబీకి 3.2, 16 జీబీకి 6.4 జీబీ డిస్కులో పోతుంది. ఆ మాత్రం ఇవ్వడం మేలు. ఒక జాగ్రత్త: మూత వేసిన వెంటనే బ్యాగులో కుక్కకండి. పవర్ లైటు ఆరిందాకా ఆగండి.

షట్‌డౌన్ సంగతి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములే మూసుకుంటాయి. కెర్నెల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు డిస్కులో దాచబడి పొద్దున అలాగే తిరిగి లేస్తాయి. నిన్న తేడా చేసిన డ్రైవర్ ఈరోజూ అదే తేడాతో లేస్తుంది. టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్, సీపీయూ కింద అప్ టైమ్ చూడండి, రోజూ ఆపుతున్న మిషనుకి కూడా రోజుల తరబడి లెక్క చూపిస్తుంది. రీస్టార్ట్ మాత్రం అంతా కడిగేసి మొదటినుంచి లేపుతుంది. "ఆపి ఆన్ చేశాను సార్, పోలేదు" అన్నవాళ్లకి రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. శాశ్వతంగా కావాలంటే "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ"లోకి వెళ్లి, పైన "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" నొక్కాక కింద టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీయండి. ఒకే మిషన్లో లినక్స్ కూడా పెట్టుకున్నవాళ్లకి ఇది తప్పనిసరి. లేకపోతే అటునుంచి విండోస్ డ్రైవులో ఏమీ రాయనివ్వదు.

"అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" నొక్కి పడుకుంటే పొద్దునకి లాగిన్ స్క్రీన్ వెలుగుతూ ఉండటం చాలామంది తమ తప్పే అనుకున్నారు. కాదు, అది విండోస్ లోపమే. ఏళ్లపాటు సతాయించి, విండోస్ 11లో 2025 అక్టోబరు చివరి ప్రివ్యూ అప్‌డేట్‌తో సరిచేశారు. అప్‌డేట్లు ఆపేసుకున్నవాళ్లకి ఆ మరమ్మతు కూడా అందలేదన్నమాట.

డెస్క్‌టాప్ వాళ్లకి ఒక మాట. అప్‌డేట్ శాతాలు తిరుగుతుండగా కరెంటు పోతే ఎక్కువసార్లు "అన్‌డూయింగ్ ఛేంజెస్" అని వెనక్కి వెళ్లి లేస్తుంది, కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. లేచాక అప్‌డేట్ మళ్లీ మళ్లీ ఫెయిలవుతుంటే అడ్మిన్ ప్రాంప్ట్‌లో పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్లు కొట్టండి: ముందు డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందంటే ఆ ఇన్వర్టర్ వెనకవైపు చూడండి. చాలావాటికి యూపీఎస్, నార్మల్ అని (కొన్నింటికి ఈకో అని) చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఫ్యాను, లైటు ఆగకపోయినా మార్పిడికి పట్టే ఆ కాస్త సమయం కంప్యూటర్‌కి ఎక్కువే. యూపీఎస్ వైపు తిప్పండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే పైన చెప్పినవాటిలో సగం బూడిదరంగులో ఉండి నొక్కనివ్వవు. అక్కడ ఐటీ వాళ్లు పెట్టిన గడువు దాటితే యాక్టివ్ అవర్స్‌లో కూడా రీస్టార్ట్ అవుతుంది. గడువు ఎన్ని రోజులో వాళ్లనే అడిగి, దానికి ముందే ఒక సాయంత్రం మీరే రీస్టార్ట్ నొక్కేయండి.