మూడు వేల ప్రశ్నలు చేశాక కూడా పరీక్ష తప్పితే

ప్రశ్న: అమెరికాలో, టెక్సస్‌లో ఉంటున్నాను. వయసు 34. బాబు బడికి వెళ్లడం మొదలుపెట్టాక కమ్యూనిటీ కాలేజీలో వొకేషనల్ నర్సింగ్ కోర్సు పూర్తిచేశాను. నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష మొదటిసారి తప్పాను. 85 ప్రశ్నలకే కంప్యూటర్ ఆగిపోయింది. అంతకుముందు ప్రశ్నల బ్యాంకులో మూడు వేలకు పైగా ప్రశ్నలు చేశాను, రెండో విడతలో 82 శాతం వచ్చింది. ఈసారి ఇంకెన్ని ప్రశ్నలు చేయాలి? అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ కొందరు ఫైళ్లు అమ్ముతున్నారు. మావారు కొనమంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ముందు ఫైళ్ల సంగతి తేల్చేద్దాం. కొనకండి. పరీక్షలో చూసిన ప్రశ్నలను బయట పెట్టబోమని రాసేవారందరూ ఒప్పుకున్నాకే తెర మీదకు మొదటి ప్రశ్న వస్తుంది. మీరూ ఒప్పుకునే ఉంటారు. ఆ ఫైళ్లలోవి నిజంగా పరీక్ష ప్రశ్నలే అయితే, వాటితో పట్టుబడినవారి ఫలితం రద్దు కావచ్చు, లైసెన్సుకే ఎసరు రావచ్చు. నిజమైనవి కాకపోతే డబ్బు దండగ. ఈ బేరంలో లాభం అమ్మేవాడికి తప్ప ఎవరికీ లేదు. మీవారికి నా మాటగా చెప్పండి అంటే మొహమాటంగా ఉంటుందేమో, ఈ జవాబు చూపించండి చాలు.

ఇక అసలు ప్రశ్న. రెండో విడతలో 82 శాతం అన్నారు, మొదటి విడతలో ఎంత వచ్చిందో రాయలేదు. నాకు కావలసింది ఆ అంకె. అవే ప్రశ్నలు రెండోసారి చేసేటప్పుడు మనకు తెలియకుండానే జవాబు గుర్తుకొస్తుంది. ప్రశ్న మొదటి వాక్యం చదవగానే ‘ఇది మూడో జవాబు’ అని వేలు దానంతట అదే వెళ్తుంది. ఆ 82లో చదువు ఎంత, జ్ఞాపకం ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. ఎన్నడూ చూడని ప్రశ్నల మీద వచ్చిన శాతమే మీ స్థాయికి కొలమానం.

అసలీ పరీక్షలో శాతాల లెక్క పనిచేయదు కూడా. మీరు సరైన జవాబు ఇస్తే కంప్యూటర్ తర్వాత కాస్త కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పితే కాస్త తేలికది ఇస్తుంది. మీ జవాబు ఒప్పయ్యే, తప్పయ్యే అవకాశాలు ఇంచుమించు సగం సగం ఉండే ప్రశ్ననే ప్రతిసారీ వెతుకుతుంది. కాబట్టి బాగా చదివినవారికీ, అంతంతమాత్రంగా చదివినవారికీ దాదాపు సగం జవాబులే ఒప్పవుతాయి. తేడా అంతా ఆ సగం ఏ ఎత్తులో కుదిరిందన్న దానిలోనే. పరీక్ష గదిలో ‘అన్నీ కష్టంగానే వస్తున్నాయి, పోయింది’ అని చెమటలు పట్టిన చాలామంది నెగ్గి బయటికి రావడానికి కారణం ఇదే.

85 దగ్గర ఆగిపోవడం గురించి మీరు విడిగా అడగలేదు గాని, మనసులో అదే తొలుస్తోందనుకుంటాను. ప్రశ్నలు కనీసం 85, గరిష్ఠంగా 150. సమయం అయిదు గంటలు. ఆ 85లో 15 ప్రయోగానికి పెట్టినవి, వాటికి మార్కులు లేవు. మిగిలిన 70తోనే, మీరు నెగ్గడానికి పెట్టిన గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంతో తేలిపోతే యంత్రం ఆగుతుంది. నెగ్గేవాళ్లూ 85కే ఆగుతారు. మీ విషయంలో మాత్రం గీతకు అడుగూ అరడుగూ దూరం కాదన్నమాట. ఇది కటువుగా తోస్తుందేమో, కానీ మరో వెయ్యి ప్రశ్నలు పైపైన చేసి ఈ దూరాన్ని దాటవచ్చనే భ్రమ మీకు ఉండకూడదు.

తప్పినవారికి ఒక నివేదిక ఇస్తారు. ఒక్కో విభాగంలో మీరు గీతకు పైన ఉన్నారా, దగ్గరలో ఉన్నారా, కింద ఉన్నారా అన్నది అందులో ఉంటుంది. బాధతో దాన్ని ఏ మూలనో పడేసి ఉంటే బయటికి తీయండి. ముందుగా సమన్వయ సంరక్షణ (కోఆర్డినేటెడ్ కేర్) విభాగం చూడండి. 2023 పరీక్ష ప్రణాళికలో అన్నిటికన్నా పెద్ద వాటా దానిదే, 18 నుంచి 24 శాతం. ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి, ఆర్‌ఎన్‌కు (మీ పైన ఉండే రిజిస్టర్డ్ నర్సుకు) ఎప్పుడు చెప్పాలి వంటివన్నీ అక్కడివే. మందుల విభాగం వాటా 10 నుంచి 16 శాతం. మనవాళ్లు చాలామంది మందుల పేర్లు వల్లెవేయడంలో నెలలు గడిపి, పెద్ద వాటాను గాలికి వదిలేస్తారు.

ఒక ప్రశ్న తీసుకుందాం, నేను రాసినదే. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మీరు విధుల్లోకి వచ్చారు. నలుగురిలో ఎవరిని ముందు చూస్తారు? రక్తంలో ఆక్సిజన్ 90 శాతం ఉన్న సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగి. తుంటి శస్త్రచికిత్స తర్వాత నొప్పి పదికి ఆరు అంటున్న ఆవిడ. ఉదయం ఇన్సులిన్ తీసుకుని, ఇప్పుడు చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతున్న పెద్దాయన. రేపు ఇంటికి వెళ్తూ మందుల గురించి మళ్లీ చెప్పమంటున్న మరొకాయన.

చాలామంది మొదటి రోగిని ఎంచుకుంటారు. శ్వాసకే పెద్దపీట అని తరగతిలో నేర్చుకున్నాం కదా! కానీ సీఓపీడీ ఉన్నవారికి సాధారణంగా 88 నుంచి 92 మధ్య చాలు, ఆయనకు 90 అంటే ఊహించినదే. చెమటలు, తికమక మాత్రం కొత్తగా వచ్చినవి. రక్తంలో చక్కెర పడిపోతోందని చెప్పే గుర్తులవి, నిమిషాల్లో చూడాల్సినవి. జవాబు మూడోది.

ఇప్పుడు చూడండి. ఇక్కడ తప్పినవారు ‘చక్కెర తగ్గితే లక్షణాలేమిటి’ అన్న పాఠం మళ్లీ చదివితే లాభం లేదు, ఆ పాఠం వాళ్లకు వచ్చు. కొత్తగా వచ్చినదానికీ, ఎప్పుడూ ఉన్నదానికీ తేడా చూడకుండా సూత్రాన్ని గుడ్డిగా అన్వయించడం వల్ల తప్పారు. వచ్చిన తప్పును ఈ విధంగా ఛేదించకపోతే మూడు వేలు చేసినా ఒకటే, ముప్పై వేలు చేసినా ఒకటే.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. తప్పిన ప్రతి ప్రశ్నకు ఒకే ఒక్క వాక్యం, ‘ఎందుకు తప్పాను’ అన్నది. విషయం తెలియక తప్పారా, ప్రశ్నలోని ‘మొదట’, ‘ఇంకా వివరణ అవసరం’ వంటి మాట చూడక తప్పారా, రెండు జవాబుల మధ్య ఊగిసలాడి మార్చుకున్నారా, లేక ఆర్‌ఎన్‌లా ఆలోచించారా. సరైనవాటిలో కూడా ఊహించి పెట్టినవాటిని ఇందులోకి చేర్చాలి. వారం తిరిగేసరికి ఒకే రకం తప్పు పేజీల నిండా కనబడుతుంది, మీకే ఆశ్చర్యం వేస్తుంది. వివరణ చదివాక పుస్తకం మూసి, మిగతా మూడు జవాబులు ఎందుకు కావో తెలుగులో పైకి చెప్పి చూడండి. ఇంగ్లీషు వాక్యం బట్టీ వస్తుంది. సొంత భాషలో చెప్పేటప్పుడు తడబడితే, అక్కడ అర్థం కాలేదనే లెక్క.

ఆర్‌ఎన్‌లా ఆలోచించడం అన్నాను కదా, అది ఇంకొంచెం చెప్పాలి. ఈ పరీక్షలో మీరు ప్రాక్టికల్ నర్సు, టెక్సస్‌లో వొకేషనల్ నర్సు అనేది వీరినే. తొలి సమగ్ర పరిశీలన, సంరక్షణ ప్రణాళిక తయారీ, మొదటిసారి బోధన ఆర్‌ఎన్ పనులు. మీరు వివరాలు సేకరిస్తారు, ముందే చెప్పిన బోధనను గుర్తుచేస్తారు, పరిస్థితి స్థిరంగా ఉన్న రోగులను చూస్తారు, మార్పు వస్తే తెలియజేస్తారు. వైద్యపరంగా ఎంత చక్కగా ఉన్నా, మీ పరిధి దాటిన జవాబు తప్పే. ఆర్‌ఎన్ పరీక్ష కోసం తయారైన ప్రశ్నలు స్నేహితురాలు ఇచ్చారని వాడుతుంటే, ఈ ఒక్క కారణానికే పక్కన పెట్టండి.

‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ రకం ప్రశ్నల మార్కుల పద్ధతి 2023 ఏప్రిల్ 1 నుంచి మారింది. అంతకుముందు అన్నీ సరిగ్గా ఎంచుకుంటేనే మార్కు. ఇప్పుడు సరైన ప్రతి ఎంపికకు ఒకటి కలుస్తుంది, తప్పు ఎంపికకు ఒకటి పోతుంది, మొత్తం సున్నా కంటే కిందికి పోదు. అనుమానం ఉన్నవన్నీ టిక్కు పెట్టేస్తే నష్టమే. ‘ఇన్ని ఎంచుకోండి’ అని సంఖ్య ఇచ్చిన ప్రశ్నల్లో మాత్రం తప్పుకు కోత లేదు, అన్ని గళ్లూ నింపండి. ఒక్కో రోగి కథ మీద ఆరేసి ప్రశ్నలతో మూడు కేసులు వస్తాయి. వాటిని మీ బ్యాంకు అలాగే ఇస్తుందో లేదో చూసుకోండి. కొన్ని పాతవి ఇంకా నాలుగు జవాబుల ప్రశ్నలతోనే నెట్టుకొస్తున్నాయి.

మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. రోజుకు 50 నుంచి 60 కొత్త ప్రశ్నలు చాలు, కానీ ప్రశ్నలకు పట్టిన సమయానికి రెట్టింపు వాటి సమీక్షకు పోవాలి. విభాగాలు కలిపి, టైమరు పెట్టి చేయండి. గుండె ప్రశ్నలన్నీ ఒకేరోజు చేస్తే జవాబు ఏ కోవలోదో ముందే తెలిసిపోతుంది. ఆఖరి రెండు వారాలకు వేరే బ్యాంకులో ఎన్నడూ చూడని ప్రశ్నలు దాచిపెట్టుకోండి. ఒకరోజు 150 ప్రశ్నలు ఒకే బిగిన, ఫోను పక్క గదిలో పెట్టి చేయండి. విరామాలు కూడా అయిదు గంటల్లోంచే పోతాయని గుర్తుంచుకుని నీళ్లకు, నడకకు సమయం లెక్కవేసుకోండి.

రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు మళ్లీ దరఖాస్తు, పరీక్ష రుసుము 200 డాలర్లు మళ్లీ కట్టడం తప్పవు. ఈలోగా గుర్తింపు కార్డు కొత్తగా తీసుకుని, అందులో ఇంటిపేరు మారి ఉంటే, నమోదు చేసుకునేటప్పుడు పేరు అచ్చంగా దానిలో ఉన్నట్టే రాయండి. అక్షరం తేడా ఉంటే పరీక్ష కేంద్రం తలుపు దగ్గరే వెనక్కి పంపేయవచ్చు.