నాలుగు లక్షలు బ్యాంకులో ఉన్నాయి, పాప ఇంజినీరింగ్‌కు సరిపోతాయా?

ప్రశ్న: మా పెద్దపాప ఆరో తరగతి, చిన్నది ఒకటో తరగతి. పెద్దదాని ఇంజినీరింగ్ కోసం నాలుగు లక్షలు కూడబెట్టి సేవింగ్స్ ఖాతాలో ఉంచాం. మేం అనుకుంటున్న కాలేజీలో ఇప్పుడు నాలుగేళ్లకు అంతే అవుతోంది. ఇక టెన్షన్ లేనట్టేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నాలుగు లక్షలు వెనకేయడం మాటలు కాదమ్మా. కాకపోతే మీరు లెక్కేసింది ఇవాళ్టి ఫీజు. పాపకు కట్టాల్సింది ఏడేళ్ల తర్వాతి ఫీజు.

సేవింగ్స్ ఖాతాకు రెండున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడేళ్లకు మీ డబ్బు 4,75,000 అవుతుంది. ఫీజులు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ నాలుగు లక్షలయ్యే చదువుకు అప్పుడు ఆరు లక్షలు కావాలి. పాస్‌బుక్కులో అంకె పెరుగుతూనే ఉంటుంది, తీరా కట్టే రోజుకు లక్షా పాతిక వేలు తక్కువ పడతాయి. పెరుగుదల 10 శాతమైతే కావాల్సింది 7,80,000.

ధరల పెరుగుదలకు రిజర్వ్ బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతమే కదా, ఆరూ పదీ ఎందుకంటారేమో. ఆ 4 శాతం అన్ని ధరలకూ కలిపి వేసే సగటు. 2012 ఆధార సంవత్సరంగా వేసిన ధరల సూచీలో తిండి సరుకుల వాటా దాదాపు 46 శాతం, చదువుది ఐదు శాతం లోపే. టమాటా చవకైతే ఆ సగటు దిగుతుంది, కాలేజీ ఫీజు దిగదు. పైగా ఫీజు నెమ్మదిగా కాకుండా ఒక్కసారిగా ఎగురుతుంది. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు 2013లో ఏడాదికి 50 వేల నుంచి 90 వేలకు, 2016లో ఏకంగా 2 లక్షలకు చేరింది. తెలంగాణలో ప్రైవేటు కాలేజీల ఫీజులు మూడేళ్లకోసారి ఖరారు చేసే పద్ధతి ఉంది, కాబట్టి ఇక్కడా గెంతులే. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిలే అని ధీమాగా ఉండకండి. ఎంసెట్‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లలకు అది ఏళ్ల తరబడి 35 వేల దగ్గరే ఉండిపోయింది. మిగతాది తల్లిదండ్రులే కట్టుకున్నారు.

మీ స్థానంలో ఉంటే నేను ఓ 50 వేలు అత్యవసరానికి ఖాతాలోనే ఉంచి, మిగతాది రెండు మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొడతాను. వడ్డీ నెలనెలా చేతికి తీసుకోకుండా అసలులో కలిసేలా రాయించండి. ఆరున్నర శాతం దొరికితే ఏడేళ్లకు లక్షకు లక్షా యాభై ఐదు వేలు. వడ్డీ మీద పన్ను పడే కుటుంబమైతే ఇంకాస్త తగ్గుతుంది. అంటే డిపాజిట్ ఫీజుతో సమానంగా పరిగెత్తుతుందంతే, దాన్ని దాటిపోదు. అందుకే కొత్తగా కూడబెట్టడం ఆపొద్దు. నెలకు 3 వేలు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కడితే అదే వడ్డీకి ఏడేళ్లలో మూడు లక్షల పైచిలుకు వస్తుంది. జీతం పెరిగిన ఏడాది ఆ 3 వేలూ పెంచండి. షేర్ల ఫండ్లలో పెట్టాలనిపిస్తే కొంత భాగమే పెట్టి, ఫీజు గడువుకు రెండేళ్ల ముందే వెనక్కి తీసుకోండి. కౌన్సెలింగ్ నెలలోనే మార్కెట్ పడితే కాలేజీ ఆగదు.

చాలామంది మర్చిపోయే ఖర్చు ఇంటర్. అది ఐదేళ్లలోనే వచ్చేస్తుంది. హాస్టల్‌తో కార్పొరేట్ కాలేజీ అంటే ఇంజినీరింగ్ కోసం దాచింది అక్కడే కరిగిపోతుంది. ఒక డిపాజిట్ గడువు ఐదేళ్లే పెట్టుకుని, దాన్ని దాటి ఇంటర్‌కు ఖర్చు చేయకూడదని ఇంట్లో ఇప్పుడే అనుకోండి. మేనేజ్‌మెంట్ కోటా ధరలకు మాత్రం నేను చెప్పిన ఏ శాతమూ వర్తించదు, ఆ సీటును లెక్కలోకే తీసుకోకండి.

సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపు ఆడపిల్లలకే తెరుస్తారు. పెద్దపాపకు ఆ వయసు దాటిపోయి ఉంటుంది, చిన్నపాపకు ఇంకా ఉంది. ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టొచ్చు, వడ్డీకి పన్ను లేదు. పద్దెనిమిదేళ్లు నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ చదువు కోసం సగం దాకా తీసుకోనిస్తారు. పాప జనన ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్ తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లండి.