చార్మినార్ సంగతి తర్వాత, ముందు ఊరి గడీ దిక్కు చూడుండ్రి

"తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్, కాకతీయ తోరణం రాచరికపు గుర్తులే కదా, తీసేస్తే తప్పేంటి?" అని అడిగారు. నా మటుకు నాకు రెండూ ఉండాల్సిందే. 2024లో చిహ్నం మారుస్తామని సర్కారు అన్నప్పుడే మా దగ్గర దీని మీద పెద్ద లొల్లి అయింది.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. వడ్ల సీజన్ అయిపోవస్తున్న రోజులు. మా మేనత్త కొడుకు ట్రాక్టర్ లోడు తెచ్చి, కాటా దగ్గర నీడకు నిలబడి ఫోన్లో టీవీ డిబేట్ చూస్తున్నాడు. "నిజాం కట్టిన చార్మినార్ మనకెందుకురా? బయటోళ్ళది, రజాకార్ల గుర్తు" అన్నాడు. "అది 1591ల కులీ కుతుబ్ షా కట్టించిండు బావా, నిజాంలు వచ్చిందే 1724ల" అన్నాను. "అందరూ ఒకటే తియ్" అని కొట్టిపారేశాడు.

అంతలో ఒక హమాలీ పిల్లగాడు, భుజం మీద గోనెపట్టా, చేతిలో కొక్కెం, "భయ్యా, పర్చీ" అని చెయ్యి చాపాడు. చెమటకు అంటుకున్న తవుడుతో మొఖం ఎట్లుందో కూడా తెలుస్తలేదు. బావ గయ్యిమన్నాడు: "ఆగురా బిహారీ! మన పోరగాళ్ళ పనంతా వీళ్ళే గుంజుకున్నరు."

ఏ పోరగాళ్ళు? ఆ ఎండలో బస్తా మోస్తానని మా ఊరి నుంచి వచ్చినోడిని నేనైతే చూడలేదు. పైగా ఈ బావ వాళ్ళ నాయిన భివండీలో పవర్‌లూమ్ నడిపి, ఆ పైసలతోనే పొలంలో బోరు వేయించిండు. 1966లో శివసేన పుట్టి బొంబాయిలో దక్షిణాదోళ్ళ మీద పడ్డ ముచ్చట మామ చెప్తుంటే బావకు ఇప్పటికీ రోషం పొడుచుకొస్తది. పాలమూరు కూలీలు దేశమంతా డ్యాములు కట్టొచ్చిన్రు, వాళ్ళనైతే కష్టజీవులంటం. బిహారోడు ఇక్కడికొస్తే మాత్రం పని గుంజుకున్నట్టా?

బయటోళ్ళు అనే మాటకే వస్తే, మన తాతలతో వెట్టి చేయించింది ఎవరు? గడీ, అంటే దొరలుండే కోట లాంటి ఇల్లు, దాని ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిల పట్టుకోమన్నది తెలుగు మాట్లాడే దొరనే. 1946 జులై 4న కడవెండిలో, దొరలకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్యను కాల్చింది విసునూరు దొర దేశ్‌ముఖ్ గూండాలు. అదే దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948లో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. ఈ పేర్లు డిబేట్లలో వినబడవు. నిజాం రాజ్యం ఇండియాల కలిసిన సెప్టెంబర్ 17ను విమోచనం అనాలా, సమైక్యత అనాలా, ప్రజాపాలన అనాలా అని ఏటా పార్టీకో పేరు పెట్టుకోవడానికే వాళ్ళకు టైం సరిపోతది.

గడీల మీద కోపం మాత్రం ఎవ్వరికీ లేదు. మా బావ బిడ్డ పెండ్లికి ప్రీ వెడ్డింగ్ షూట్ తీసింది ఒక పాత గడీలనే, డ్రోన్ పెట్టి మరీ. అదే మాట ఆరోజు కాటా దగ్గర అడిగితే "అది వేరే, ఇది వేరే" అన్నడు. ఎట్ల వేరేనో ఇప్పటిదాకా చెప్పలేదు.