ఎస్సే నిండా 'ఎఫెక్ట్' మాటేనా?

ప్రశ్న: బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. విదేశంలో ఎమ్మెస్ కోసం ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రెండుసార్లు రాస్తే రైటింగ్‌లో బ్యాండ్ స్కోరు 6 దాటలేదు. ఎస్సేలో ఎక్కడ చూసినా ఎఫెక్ట్ అనే మాటే. కోచింగ్‌లో రిజల్ట్, కాన్సిక్వెన్స్, అవుట్‌కమ్, రిపర్కషన్, ఆఫ్టర్‌మాత్ అని లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ లిస్టు పక్కన పెట్టండి. ఎస్సే రాసే రైటింగ్ టాస్క్ 2 మార్కుల్లో పదజాలం వాటా నాలుగో వంతు. అందులో ఎన్ని మాటలు వచ్చో చూసినట్టే, వాటిని ఎంత కచ్చితంగా వాడారో కూడా చూస్తారు. పెద్ద మాటను తప్పు చోట పెట్టడం కన్నా ఎఫెక్ట్‌ని ఇంకోసారి రాయడమే నయం.

మీది విశాఖ కాబట్టి 2014 అక్టోబర్ 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపానునే తీసుకుందాం. ఈదురుగాలికి ఎయిర్‌పోర్ట్ పైకప్పు దెబ్బతింది, విమానాలు ఆగిపోయాయి. ఇది రిజల్ట్. ఈ మాట మంచికీ చెడుకీ రెండింటికీ సరిపోతుంది. చెట్లు కూలి, కరెంటు లేక, పెట్రోల్ కోసం జనం క్యూలు కట్టిన ఆ రోజులన్నీ కలిపి ఆఫ్టర్‌మాత్. ఒకసారి గడ్డి కోశాక మళ్లీ మొలిచే గడ్డిని ఒకప్పుడు అలా అనేవారట! ఇప్పుడు విపత్తో యుద్ధమో అయ్యాక మిగిలే పరిస్థితికే వాడుతున్నారు. 'ఆన్‌లైన్ క్లాసుల ఆఫ్టర్‌మాత్' అని రాస్తే నవ్వొస్తుంది. తుపాను హెచ్చరికను లెక్కచేయకుండా వేటకు వెళ్తే అనుభవించాల్సినవి కాన్సిక్వెన్సెస్. చేసిన పనికి చెల్లించే మూల్యం అందులో ధ్వనిస్తుంది కాబట్టి స్కాలర్‌షిప్ వచ్చిన సంగతి చెప్పడానికి అది నప్పదు. రిపర్కషన్స్ కూడా చెడువైపు మాటే. ఒకచోట జరిగినదాని దెబ్బ కొన్నాళ్లకు ఇంకోచోట తగిలితే అది వాడతారు, అదీ ఎక్కువగా బహువచనంలోనే. అవుట్‌కమ్ అంటారా, చర్చలు, ఎన్నిక, చికిత్స లాంటివి చివరికి ఎలా తేలాయో చెప్పడానికి.

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది మాత్రం ఈ పెద్ద మాటల దగ్గర కాదు. 'పిల్లల మీద ప్రభావం చూపుతుంది' అని తెలుగులో అనుకుని 'అఫెక్ట్స్ ఆన్ చిల్డ్రన్' అని రాసేస్తారు. అఫెక్ట్ క్రియ, దానికి ఆన్ అక్కర్లేదు. 'అఫెక్ట్స్ చిల్డ్రన్' చాలు. నామవాచకమైన ఎఫెక్ట్‌కు ఆన్ తగిలించి 'హాజ్ యాన్ ఎఫెక్ట్ ఆన్ చిల్డ్రన్' అనాలి. అలాగే 'రిజల్ట్స్ ఇన్' తర్వాత ఫలితం రావాలి, 'రిజల్ట్స్ ఫ్రమ్' తర్వాత కారణం. ఈ రెండూ తారుమారైతే పొగ వల్ల నిప్పు పుట్టిందని రాసినట్టే.

ఈ వారం మీ పాత ఎస్సేలు తీసి ఎఫెక్ట్ ఉన్న ప్రతిచోటా సున్నా చుట్టండి. చాలాచోట్ల దాని బదులు ఇంకో నామవాచకం వెతకక్కర్లేదు, సూటిగా ఒక క్రియ పెడితే సరిపోతుంది. 'ఎయిర్ పొల్యూషన్ హాజ్ ఎ బ్యాడ్ ఎఫెక్ట్ ఆన్ ద లంగ్స్' కన్నా 'ఎయిర్ పొల్యూషన్ డ్యామేజెస్ ద లంగ్స్' అనండి, ఎంత హాయిగా ఉందో!

ఇంకొకటి. ఈసారి కంప్యూటర్‌లో రాసి, మిగతా మూడింట్లో (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) మంచి బ్యాండ్ వచ్చి రైటింగ్ ఒక్కటే తగ్గితే, 60 రోజుల్లోపు ఆ ఒక్క భాగమే మళ్లీ రాసుకునే వన్ స్కిల్ రీటేక్ ఉంది. అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు. మీరు అప్లై చేసే చోట ఒప్పుకుంటారో లేదో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.